ముందు కాగితాలు, చివర రంగు

విశాఖపట్నం



సైన్యం వేలంలో అమ్మేసిన పాత జీపు ఒకటి కొని, సెలవు రోజుల్లో సొంత చేతులతో బాగుచేసుకుంటానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. మీ అమ్మకి దిగులు పట్టుకుంది గానీ ఈ మావయ్యకి ఎంతో సంతోషం. కుర్రాడు స్పానర్ పట్టుకుంటానంటే పెద్దవాళ్లు వద్దనకూడదు. అయితే ఈ పనికి ఒక వరస ఉంది: ముందు కాగితాలు, తర్వాత బ్రేకులు, ఆపైన ఇనుము, ఆ తర్వాత ఇంజను, అన్నిటికీ చివర రంగు. చాలామంది రంగుతో మొదలుపెడతారు. అలాంటి బండ్లు సగం పనిలోనే షెడ్లలో ఉండిపోతాయి.

ఈ సరదాకి విశాఖ తగిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలోనే అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా సైనిక జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక, 1947లో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి రాళ్ల దారిలో జనాన్ని ఎక్కించుకెళ్లే జీపులది ఆ వంశమే. అందుకే ఈ రకం బండికి సామాను దొరకడం మరీ కష్టం కాదు.

విల్లీస్ అని చెప్పి అమ్మే ప్రతి బండీ యుద్ధకాలం నాటిది కాదు. ముందు జాలీలో నిలువు సందులు లెక్కపెట్టు. సైనిక జీపుకి సాధారణంగా 9 ఉంటాయి, తర్వాత జనానికి అమ్మిన సీజే రకానికి 7. ఫోర్డ్ వాళ్లయితే బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం ముద్రించారు. హెడ్‌లైటు బిగింపు వదులు చేసి వెనక్కి తిప్పితే వెలుగు ఇంజను మీద పడుతుంది. చీకట్లో రిపేరు చేసుకోవడానికి ఆనాటి ఇంజనీర్లు చేసిన ఏర్పాటు అది. ఇక జబల్‌పూర్‌లో 1999 దాకా తయారైన జోంగా సంగతి వేరు. నిస్సాన్ పాట్రోల్ నమూనా, ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. మొదటి బండిగా దాని జోలికి పోవద్దు. దాని పెట్రోలు ఖర్చు నీ జీతం మోయలేదు.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. వేలంలో అమ్మినట్టు రుజువు, చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న అమ్మకం పత్రం, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు సరిపోలాలి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము రూ. 20,000, గడువు 10 ఏళ్లు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి వెళ్లడం కుదరదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి మాత్రమే రోడ్డెక్కాలి. డబ్బు కట్టకముందే ఆర్టీవో ఆఫీసులో ఆ ఛాసిస్ నంబరు చూపించి అడుగు.

రంగు విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ప్రకారం, రక్షణ శాఖ బండ్లకి తప్ప మరే మోటారు వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. నువ్వు ఉత్తరంలో ముచ్చటపడి రాసిన రంగు అదే. ఆ ఆశ వదులుకో. పైకి చూపే బాణం గుర్తున్న సైనిక నంబరు కూడా రాయించవద్దు.

బండి దగ్గరికి వెళ్లేటప్పుడు చిన్న సుత్తి తీసుకెళ్లు. ఛాసిస్ మీద మెల్లగా తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. యుద్ధకాలం జీపుల తొట్టి కింద అడ్డ పట్టీల్లో చెక్క ముక్కలు దూర్చేవారు. అవి తడి పీల్చుకుని చుట్టూ రేకుని తినేస్తాయి. పైన పుట్టీ పెట్టి నున్నగా చేసిన బండిలోనూ అక్కడ వేలు దూరే కన్నాలుంటాయి. కింద పడుకుని, టార్చి వేసి చూడు.

మూడు ప్రమాదాలు గుర్తుంచుకో. ఆ జీపుల చక్రాలు కొన్ని రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించినవి. గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే రిమ్ము ఎగిరి ప్రాణం తీస్తుంది. రెండోది, పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదవద్దు, తడిబట్టతో తుడువు. మూడోది, బ్రేకులకి ఒక్కటే మాస్టర్ సిలిండర్. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. సింహాచలం కొండ దిగేటప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించు. అందుకే ఇంజను మోత వినాలన్న తొందర ఆపుకుని, గొట్టాలూ సీళ్లూ కొత్తవి వేయించు.

ఇక ఉప్పు గాలి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ విరమించి, 2002లో బీచ్ రోడ్డులో మ్యూజియంగా తెరుచుకున్న ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామిని నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు. దానికి ఎదురుగా టీయూ-142 విమానం. 2017లో ఇక్కడికి ఎగిరొచ్చాక విడదీసి, రోడ్డు మీద మోసుకొచ్చి మళ్లీ బిగించారు. సముద్రం పక్కన ఇనుముని నిలబెట్టాలంటే ఏటా కనిపెట్టుకుని ఉండాలి. నీ జీపుకీ అంతే. తుప్పు గీకి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, బాగా ఆరాక జింకు ప్రైమర్ వెయ్యి. తడి మీద వేసిన ప్రైమర్ కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది.

విప్పే ప్రతి భాగానికీ ఫొటో తీసి, చీటీ కట్టి, డబ్బాలో వెయ్యి. పాత భాగం బాగుపడేలా ఉంటే కొత్తది కొనవద్దు. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ మ్యూజియం వాళ్లు 1943లో ట్యునీషియాలో పట్టుబడిన టైగర్ 131 ట్యాంకుని ఏళ్ల తరబడి శ్రమించి 2003 నాటికి మళ్లీ నడిపించారు. అంత ఓపిక ఉన్నవాళ్లకే ఈ పని వశమవుతుంది.

గురువుల కోసం దూరం పోనక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో పని చేసి రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు, టర్నర్లు గాజువాక చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. దొరకని బుష్షుని లేత్ మీద తిప్పి ఇవ్వగల చేతులు ఆటోనగర్‌లో ఇంకా ఉన్నాయి. వాళ్లకి వయసు మీదపడుతోంది. కూలి బేరమాడకుండా పక్కన కూర్చుని నేర్చుకో, చెప్పింది రాసిపెట్టుకో. బండి ఆరు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆ పనితనం నీ చేతికి రావాలి.

వచ్చే ఆదివారం ఛాసిస్ నంబరు ఫొటో, అమ్మకం పత్రాల నకళ్లు పట్టుకుని ఇంటికి రా. అవి సరిగ్గా ఉంటే మీ అమ్మతో మావయ్య మాట్లాడతాడు. అప్పటిదాకా బయానా ఇవ్వకు.

ఇట్లు,
మీ మావయ్య