నమూనా విమాన సంఘము: క్రొత్తవారిని చేర్చుకొను విధము

చిన్న విమానములను స్వహస్తములతో నిర్మించి ఎగురవేయుటకు నమూనా విమాన విద్య యని పేరు. ఈ విద్య నభ్యసించుటకు కూడిన విద్యార్థుల సమూహమే నమూనా విమాన సంఘము. నేషనల్ కేడెట్ కోర్ వైమానిక విభాగమువారి శిక్షణలో ఇదియు నొక భాగము. విమానము చేయు విధమును తెలుపు పుస్తకములు పెక్కు గలవు. సంఘమునకు క్రొత్తవారిని రప్పించుట యెట్లు, వచ్చినవారిని నిలుపుకొనుట యెట్లు అను విషయమును ఈ పాఠమున వివరింప నెంచితిమి.

ఏటేట పై తరగతివారు పరీక్షలు ముగించి వెడలిపోవుదురు. వారి వెనుక నేర్చినవారు లేకున్నచో రెండు మూడేండ్లలో సంఘమునకు పేరు మాత్రమే మిగులును. పాత పడుగు ముగియకముందే దాని పోగులకు క్రొత్త పడుగు పోగులను అతుకుట భవాని పేటలోని పిల్లలకు తెలియని సంగతి కాదు. సంఘమును అట్లే అతుకుచు పోవలెను.

1. ముందుగా ఎగురుట చూపవలెను

1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అను క్రైస్తవ మతాచార్యుడు తన కుమారులకొక ఆటవస్తువును తెచ్చెను. అది వెదురు, బెండు, కాగితములతో చేయబడి, మెలివెట్టిన రబ్బరు బలముతో ఎగురు బొమ్మ. ఫ్రాన్సు దేశీయుడగు ఆల్ఫాన్స్ పెనో చేసిన బొమ్మ దానికి మూలము. చేతిలోనిది యేమో పిల్లలు చూడకముందే తండ్రి దానిని గాలిలోనికి విడిచెను. అది పైకెగిరి గది కప్పును తాకెను. అప్పటికి విల్బరుకు 11 ఏండ్లు, ఆర్విల్‌కు 7 ఏండ్లు. ఆ బొమ్మ పాడైన పిదప అట్టివానిని తామే చేసికొనసాగిరి. 1903 డిసెంబరు 17వ తేదీన ఆ సోదరుల విమానము మనుష్యుని మోసికొని, మొదటిసారి 12 సెకండ్లలో 120 అడుగుల దూరము పోయెను.

ఇందులో మనకొక పాఠమున్నది. తండ్రి ముందు ఎగురుట చూపెను. ప్రశ్నలు వాటంతట అవియే పుట్టినవి. కావున అందమైన నమూనాను అద్దాల బీరువాలో నుంచి ప్రకటన అతికించుటకన్న, విరామవేళ ఆవరణలో ఒక చిన్న కాగితపు విమానమును ఎగురవేయుట మేలు. చూడవచ్చిన బాలుని చేతికి దానిని వెంటనే అందీయవలెను.

2. మొదటి దినముననే చేతికి పని

క్రొత్తవానికి నియమావళి చదివి వినిపించుట తొలినాటి పని కాదు. ఇంటికి పోవులోపల తాను చేసిన వస్తువు ఎగురుట అతడు చూడవలెను. ఒక వెదురు పుల్ల, పలుచని థర్మోకోలుతో రెక్కలు, తోక, ముక్కునకు చిన్న మట్టిముద్ద యున్న చాలును. రెక్క వెడల్పులో ముందంచు నుండి సుమారు మూడవ వంతు దూరమున వ్రేళ్లపై నిలిపినచో విమానము సమముగ నిలువవలెను. అదియే దాని గరిమనాభి. పిదప బలముగ విసరక, మెల్లగా ముందునకు విడువవలెను. ముక్కు వంచి నేలకు దూకినచో మట్టిని కొంత తీసివేయవలెను. ముక్కెత్తి, వేగము కోల్పోయి జారినచో కొంత చేర్చవలెను. ఈ దిద్దుబాటును క్రొత్తవాడే కనుగొనవలెను.

ఇందుకొక నియమము అవసరము. క్రొత్తవానికి తోడుగ సంఘములోని మిక్కిలి నేర్పరిని కాక, క్రిందటి ఏడు చేరినవానిని నియమింపవలెను. నేర్పరి ఓర్పు చాలక వస్తువును లాగుకొని తానే సరిచేయును. నిన్న మొన్న నేర్చినవానికి తన తడబాటు జ్ఞప్తిలో నుండును. ఆ తోడు విద్యార్థి చేతులు వెనుకకు కట్టుకొని మాటతోనే నేర్పవలెను. పని ముగిసిన పిమ్మట క్రొత్తవాడు రెక్కపై తన పేరు తెలుగు లిపిలో వ్రాసికొనవలెను.

3. ఇంటి స్థితి నెరుగవలెను

చద్దరులు, తువ్వాళ్లు నేయు ఇండ్లలోను, బీడీలు చుట్టు ఇండ్లలోను పిల్లలకు సాయంకాలము తీరిక అల్పము. కండెలు చుట్టుటయో, తమ్ముని ఎత్తుకొనుటయో తప్పదు. ఒక వారము రానివానిని శ్రద్ధ లేనివాడనుట అన్యాయము. కూడిక గంటకు మించక, నిర్ణీత వేళకు ముగియవలెను. ఇరుకైన ఇంట రెక్కలు విరుగును గనుక నమూనాలను పాఠశాలలోనే భద్రపరుపవలెను. చందా పేరు చెప్పి ఎవరిని వెనుకకు పంపరాదు. బాలికలకు జిగురు పూయు పని మాత్రమిచ్చి, ఎగురవేయు పని బాలురు తీసికొనుట తగదు. తెగిన పోగును క్షణములో ముడివేయు వ్రేళ్లకు ఈ విద్య కష్టము కాదని వారికి తెలుపవలెను.

రేడియోతో నడుచు ఖరీదైన నమూనాలు లేవని చిన్నబోవలదు. రబ్బరు బలముతో ఎగురు నమూనాలకు నేటికిని ప్రపంచస్థాయి పోటీలు జరుగుచున్నవి. రేడియో నమూనాల విషయమున 2021 నాటి డ్రోన్ నియమములను తెలిసికొనక ముందడుగు వేయరాదు. ఏ నమూనానైనను మనుష్యుల ముఖములకును, విద్యుత్తీగెలకును దూరముగ ఎగురవేయవలెను.

4. మాట తీయగా నుండవలెను

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగున నున్న నేటి తెలంగాణములో. పుస్తకమున గాలిపటమనుదుము, వీధిలో పిల్లలు పతంగి యందురు. ఇంట తెలుగు, బజారున మరాఠీ పలుకు బాలునికి రెండును కలసి వచ్చుట సహజము. రెక్కకును తోకకును అతడే పేరు పెట్టినను నవ్వరాదు. ముందు వస్తువు నెరుగనీయవలెను; గరిమనాభి వంటి పుస్తకపు మాట తరువాత వచ్చును. సంక్రాంతినాడు మహారాష్ట్రమున నువ్వులు, బెల్లము పంచి, తీయగా మాటాడుడని కోరుదురు. సంఘమునకు ఆ పండుగ ఏడాది పొడుగున నుండవలెను.

తొలి నమూనా విరిగిన దినమే అసలు పరీక్ష. ఆ దినమున ఎవరైన నవ్విరా, ఆ బాలుడు మరల రాడు. తాను చదువునకే తగనని తలచి మౌనముగ పనిలోనికి పోవువారు కలరు. దగ్గర కూర్చుండి, విరిగిన చోటు చూపించి, జిగురందించిన మిత్రుడున్నచో అతడు నిలుచును. అట్లు నిలిచినవాడు మరుసటి ఏడు మరియొకనికి తోడగును.

అభ్యాసము

1. మీ విమానము ముక్కెత్తి జారినచో ఏమి చేయుదురు? కారణము వ్రాయుడు.
2. తోడు విద్యార్థి చేతులు వెనుకకు కట్టుకొనవలెననుట యేల?
3. ఒక్కసారి వచ్చి మరల రాని సహపాఠి యొకరిని కలిసికొనుడు. కారణమడిగి, సంఘమున ఏమి మార్పవలెనో ఐదు వాక్యములలో వ్రాయుడు.