లైట్లు వెలుగుతాయి, కారు కదలదు!

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున చలి వణికిస్తుంది. పుంగనూరు మీదుగా కుప్పంలోని చుట్టాలింటికి వెళ్ళాలి. తాళంచెవి తిప్పితే "టిక్" మన్న చప్పుడే గాని ఇంజను తిరగదు. లైట్లు మాత్రం భేషుగ్గా వెలుగుతున్నాయి. "అయితే బ్యాటరీ బాగున్నట్లేగా!" అంటారు ఇంట్లోవాళ్ళు. మీరేమంటారు?

ఓమ్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు 60 వాట్ల హెడ్‌లైట్లు తీసుకునేది 10 ఆంపియర్లు. స్టార్టరు మోటారుకు 150 దాకా కావాలి. బ్యాటరీ కొనలకు తెల్లటి పొడి పట్టి, అక్కడ 0.05 ఓముల నిరోధం ఏర్పడిందనుకోండి. లైట్ల వేళ అక్కడ పోయేది అర వోల్టు, కంటికి తెలియదు. 150 ఆంపియర్లు పారాలంటే ఆ పొడికే 7.5 వోల్టులు ఖర్చు! మిగిలిన 4.5 వోల్టులతో ఇంజను తిరుగుతుందా? పైగా చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, ఇంజను ఆయిలు చిక్కబడుతుంది.

ఇక పరీక్ష. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి, పెద్దవారిని తాళంచెవి తిప్పమనండి. మీరు పక్కన నిలబడి ఎదుటి గోడమీది వెలుగు చూడండి. బాగా తగ్గిపోతే బ్యాటరీనో, దాని కొనలనో అనుమానించాలి. ఏమాత్రం తగ్గకపోతే విద్యుత్తు స్టార్టరుకు చేరడమే లేదన్నమాట. ఇంజను చకచకా తిరిగీ అంటుకోకపోతే ఈ గొడవంతా వదిలి ఇంధనం సంగతి, స్పార్కు సంగతి చూడాలి.

కొనలు శుభ్రం చేయించి బయలుదేరారు. పుంగనూరులో కాఫీకి ఆగాక మళ్ళీ "టిక్" అంటే? తోయించి స్టార్టు చేయించండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొనల మధ్య వోల్టుమీటరు సాధారణంగా 14 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. 12 దాటకపోతే ఆల్టర్నేటరు ఛార్జి చేయడం లేదు. కుప్పం చేరేలోగా మెకానిక్కును వెతకండి.