బంతుల వెనక కర్ర, కర్ర వెనక మనిషి

ఫిజిక్సు పుస్తకాల్లో రెండు వస్తువులు ఢీకొనే ఘట్టం వచ్చిందంటే బిలియర్డు బంతులు రాక తప్పదు. ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి నిలిచి ఉన్న బంతిని కొడుతుంది. మొదటిది ఆగుతుంది, రెండోది బయలుదేరుతుంది. ద్రవ్యవేగం ఎక్కడికీ పోలేదని రుజువుచేసి మనం మార్కులు తెచ్చుకుంటాం. కాని ఆ మొదటి బంతిని కదిలించిన కర్ర సంగతి ఏ పుస్తకమూ చెప్పదు. కర్ర సంగతే చెప్పనప్పుడు, దాన్ని చేసినవాడి ఊసు ఎవరికి కావాలి?

నేను వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఏ పనిముట్టు చేతికొచ్చినా "ఇది ఎవరు చేశారు? ఏ కర్ర?" అని అడగడం మా ఇంట్లో అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఈ ఆట కర్ర గురించి చదివాను. అమెరికాలో ఒక్కొక్క ఆటగాడికి విడిగా, అతని చేతికి తగ్గట్టు క్యూ కర్రలు చేసి ఇచ్చే పనివాళ్ళున్నారు. వారిలో కొందరిని "మహా పనివాళ్ళు" అంటారు. ఆ మాట ఎందువల్ల వచ్చింది? కర్రమీద నగిషీ వల్లనా, ధర వల్లనా, లేక మరొకటేదైనా ఉందా? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది అదే.

ముందు కర్రను గురించి

మన క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించేది స్నూకరు. అది 1875లో జబల్‌పూరులో ఇంగ్లీషు సైనికాధికారుల మధ్య పుట్టిందని చెబుతారు. దాని కర్రను సాధారణంగా ఆష్ చెట్టు కలపతో చేస్తారు, మొన సన్నం. అమెరికావాళ్ళు ఆడేది పూలు. ఆరు సంచుల బల్లే గాని బంతి పెద్దది: అడ్డుకొలత 57.15 మిల్లీమీటర్లు, బరువు సుమారు 170 గ్రాములు. కాబట్టి కర్ర మొనకూడా లావు, దాదాపు 13 మిల్లీమీటర్లు. కర్ర పొడవు మామూలుగా 58 అంగుళాలు, బరువు 18 నుంచి 21 ఔన్సులు. నడిమికి రెండు ముక్కలై మరతో బిగించుకునేట్టు ఉంటుంది. ముందు ముక్కను షాఫ్టు అంటారు, వెనక ముక్కను బట్టు అంటారు.

ఆట నిబంధనలు కర్రమీద పెట్టిన ఆంక్షలు చాలా తక్కువ. పొడవు 40 అంగుళాలకు తగ్గకూడదు, బరువు 25 ఔన్సులు మించకూడదు, మొన 14 మిల్లీమీటర్లు దాటకూడదు. తక్కినదంతా ఆటగాడి ఇష్టం, చేసేవాడి తెలివి. ఎద్దుల జత ఎత్తు చూసి కాడి చేయించుకున్నట్టే, ఆటగాడు తన చేతి తీరు చెప్పి కర్ర చేయించుకుంటాడు.

మొదటి పరీక్ష: కర్ర కదలిక

కొట్టేసిన చెట్టు చచ్చిపోయిందని మనం అనుకుంటాం గాని దాని కలప కదలడం మానదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం కూడా అన్ని వైపులా సమానంగా ఉండదు. క్యూ కర్రలకు వాడే గట్టి మేపుల్ కలపనే తీసుకోండి. పచ్చి కలప పూర్తిగా ఆరేసరికి వార్షిక వలయాల వెంట దాదాపు నూటికి 10 వంతులు ముడుచుకుంటుంది. చెట్టు నడిమి నుంచి బెరడువైపుకు చూస్తే దాదాపు 5 వంతులే. నిలువునా చూస్తే ముడుత లేదన్నంత తక్కువ. అంటే పచ్చి కర్రను ఎంత గుండ్రంగా చెక్కినా ఆరేటప్పటికి అది కోడిగుడ్డు వాటంగా మారిపోతుంది. చారలు ఏటవాలుగా ఉంటే మెలిక కూడా తిరుగుతుంది.

ఇంకొక చిక్కుంది. చెట్టు నిలబడి పెరిగినన్నాళ్ళూ దాని లోపల ఒత్తిళ్ళు పేరుకొని ఉంటాయి. పైపొర తీసేసరికి లోపలి ఒత్తిడి విడుదలై కర్ర వంగుతుంది. అందుకని మంచి పనివాడు షాఫ్టును ఒక్కనాడు చెక్కి ముగించడు. సుమారు అంగుళం మందమున్న చతురపు కమ్మీతో మొదలుపెట్టి, లేతు మీద కొంచెం తీసి, నిలువుగా వేలాడదీసి వారాలో నెలలో వదిలేస్తాడు. మళ్ళీ కొంచెం తీస్తాడు. మళ్ళీ వేలాడదీస్తాడు. వంగదలచుకున్నది ఈలోగానే వంగిపోతుంది. స్వల్పంగా వంగినదాన్ని తర్వాతి కోతలో సరిచేయవచ్చు. బాగా వంగినదాన్ని పక్కన పారేస్తాడు. ఇట్లా కొన్ని కర్రలకు సంవత్సరాలు పడుతుంది.

మా ఊరి వడ్రంగి తాతను "ఏం తాతా, మేడి ఎప్పుడిస్తావు?" అని అడిగితే, "కర్ర ఇంకా ఊపిరి తీస్తోందిరా అబ్బాయ్, ఆగు" అనేవాడు. పని తప్పించుకోవడానికి అంటున్నాడని మేము నవ్వుకునేవాళ్ళం. ఆయన చెప్పింది పైన రాసిన లెక్కలేనని బీయస్సీకి వచ్చాక గాని తెలియలేదు.

రెండో పరీక్ష: అతుకులు

క్యూ కర్ర వెనక ముక్కమీద పొడుగాటి బాణపు మొనల్లాంటి చారలు కనిపిస్తాయి. అవి రంగువేసినవి కావు. పక్షికన్ను మచ్చల మేపుల్‌లోకి నల్లటి ఎబొనీనో, ఎర్రటి రోజ్‌వుడ్డునో జొనిపి అతికినవి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, రెండు వేర్వేరు కర్రలకు పొడుగాటి పళ్ళు కోసి, రెండు చేతుల వేళ్ళు పెనవేసినట్టు ఒకదానిలో ఒకటి దూర్చి జిగురు పెట్టడం. రెండోది, ముందరి కర్రకు కోణపు గాళ్ళు తీసి వాటిలో వేరే కర్ర ముక్కలు అతకడం.

చూడ్డానికి అలంకారమే గాని ఇందులో జ్యామితి ఉంది. కర్ర ముందుకు పోయేకొద్దీ సన్నబడే శంకువు. గాడి లోతు నాలుగు వైపులా సమానంగా లేకపోయినా, చెక్కేటప్పుడు కర్ర కేంద్రం రవంత తప్పినా, నాలుగు మొనలూ ఒకే ఎత్తుకు రావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతుంది. కాబట్టి నాలుగు మొనలూ సమానంగా, సూదిలాగా తేలాయంటే ఆ పనివాడి కొలత తప్పలేదనడానికి అది సాక్ష్యం. అందానికి విలువ ఎందుకంటే అది కొలతను పట్టి ఇస్తుంది కనుక.

అయితే అసలైన అతుకు మన కంటికి కనబడదు. రెండో పద్ధతిలో చేసిన కర్రలో ముందరి భాగాన్నీ చేతిపిడినీ లోపల మరతో, జిగురుతో కలుపుతారు. దానిమీద దారం చుట్టేస్తారు. ఐర్లండు నారదారం అందుకు పేరుపొందింది. ఆ దారం కింద జిగురు సరిగా పట్టకుండా సందు మిగిలితే బయటికి ఏమీ తెలియదు. ఏడాదో రెండేళ్ళో గడిచాక బంతిని కొట్టినప్పుడు "జుయ్" మని సన్నటి మోత వస్తుంది. అప్పటికి డబ్బు ఇచ్చేసి ఉంటారు, పనివాడు మరిచిపోయి ఉంటాడు. ఎవరూ చూడని చోట చేసిన పనే ఇక్కడ మంచి చెడ్డలు తేలుస్తుంది.

మూడో పరీక్ష: మొన

రోకలికి పొన్ను ఎట్లాగో క్యూ కర్ర చివర ఫెరూల్ అట్లాగు. దానిమీద తోలు బిళ్ళ. ఈ తోలు మొనను పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో మింగో అనే సైనికాధికారి ప్రచారంలోకి తెచ్చాడు. తోలు, దానిమీద సుద్ద ఉండడం వల్లనే బంతిని పక్కగా కొట్టినా జారకుండా తిప్పు ఇవ్వడం సాధ్యమైంది. భూమి తిరగడం వల్ల కలిగే బలాన్ని గురించి మనం చదువుకునే కొరియోలిస్ ఉన్నాడే, ఆయనే 1835లో బిలియర్డు ఆట గణితం మీద ఒక గ్రంథం రాశాడు.

మొన బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు మాత్రమే. కనురెప్ప వాలే వ్యవధిలో అట్లాంటి తాకుళ్ళు నూరు పడతాయి. బంతిని నడిమికి కాక కుడి పక్కన కొట్టామనుకోండి. తిరగబోతున్న బంతి మొనను కుడికి నెడుతుంది. మొన బరువైతే అంత తొందరగా పక్కకు తొలగదు. బంతినే ఎడమకు నెడుతుంది. గురిచూసిన చోటికి కాక బంతి కొంచెం పక్కకు పోతుంది. అంత తక్కువ వ్యవధిలో ఈ పక్క కదలిక కర్ర పొడుగునా పాకలేదు గనుక, ఇందులో పాల్గొనేది చివరి కొన్ని అంగుళాల బరువే. ఈ సూత్రం గ్రహించి 1990ల నుంచి చివర తేలికపరచిన షాఫ్టులు తయారుచేశారు. ప్రెడేటర్ అనే అమెరికన్ సంస్థ ఇందులో ముందు నడిచింది.

పాత పనివాళ్ళు ఈ లెక్క వెయ్యలేదు. ఏ కర్ర ఎట్లా కొడుతుందో చేతితో తెలుసుకున్నారు. చేతికి తెలిసినదాన్ని లెక్క తర్వాత వివరించింది.

ముగ్గురు పనివాళ్ళు

షికాగోలో హెర్మన్ రాంబో బ్రన్స్‌విక్ కంపెనీలో చాలాకాలం పనిచేసి, మహా ఆటగాళ్ళకు కర్రలు చేసి ఇచ్చాడు. 1967లో పోయాడు. ఆయన తర్వాత అందరూ చెప్పుకునే పేరు జార్జి బలబుష్కా. 1912లో రష్యాలో పుట్టి, 1924లో తల్లిదండ్రులతో అమెరికా చేరిన వలస కుటుంబం పిల్లవాడు. చెక్కపని చేసి బతికాడు. 1959లో న్యూయార్కు నగరంలో స్నేహితులకు క్రిస్‌మస్ కానుకగా కొన్ని క్యూ కర్రలు చేసి ఇచ్చాడు. వాటిని చూసి మరికొందరు అడిగారు. అక్కడినుంచి 1975లో చనిపోయేదాకా చేసినవి వెయ్యికి కొంచెం పైన అని అంచనా. పదహారేళ్ళకు అది పెద్ద సంఖ్య కాదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. బలబుష్కా తన కర్రల్లోని పళ్ళ అతుకులు చాలావరకు తాను కోసినవి కావు. మొదట్లో బ్రన్స్‌విక్ కంపెనీ మామూలు కర్రలనే తీసుకుని మార్చాడు. తర్వాత బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటి అనే పనివాళ్ళ దగ్గర అతికిన దిమ్మలు కొన్నాడు. మరి ఆయన గొప్ప ఏమిటి? ఏ దిమ్మ తీసుకోవాలో తెలుసు. దాన్ని ఎంత సన్నం చేయాలో, జాయింటు ఎట్లా కుదర్చాలో, బరువు ఎక్కడ నిలపాలో తెలుసు. ఎక్కడ ఆపాలో తెలుసు. ఆయన కర్రల్లో చాలావాటిమీద అలంకారం కొద్దిగానే ఉంటుంది. అయినా నేడు అవి వేల డాలర్లు పలుకుతున్నాయి. వాటికి నకిలీలు కూడా పుట్టాయి. 1986లో వచ్చిన "ది కలర్ ఆఫ్ మనీ" సినిమాలో బలబుష్కా కర్ర అని చూపించింది కూడా నిజానికి జాస్ అనే మరో సంస్థ చేసినదే.

గస్ జాంబోటి 1988లో పోయాడు. ఆయన కొడుకు బారీ ఆ పని అందుకున్నాడు. బర్టన్ స్పెయిన్ పనిముట్లు ఆయన దగ్గర పని నేర్చుకున్న జోయెల్ హెర్సెక్‌కు దక్కాయి. ఈ వారసత్వం సంగతి మళ్ళీ ప్రస్తావిస్తాను.

యంత్రం వచ్చాక

ఇప్పుడు కంప్యూటరుతో నడిచే మరలు వెంట్రుకవాసి తేడా లేకుండా గాళ్ళు కోస్తాయి. కార్బను పోగుల షాఫ్టులు వచ్చాయి. అవి వర్షాకాలంలో వంగవు. 1989లో ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు గనుక పూర్వం దంతంతో చేసిన ఫెరూళ్ళను ఇప్పుడు ప్లాస్టిక్ వంటి పదార్థాలతో చేస్తున్నారు. ఇది మంచిదే. మరి చేతి పనివాడికి ఇంక చోటుందా?

ఉందనే నా అభిప్రాయం. యంత్రం ఇచ్చిన కొలత ప్రకారం కోస్తుంది. ఈ కర్రను అసలు కోయవచ్చునా, కోయకూడదా అన్నది దానికి తెలియదు. చార నిటారుగా ఉందా, కింద పడేస్తే మోగుతుందా, ఇంకా ఆరవలసి ఉందా - ఇవి చూసి "వద్దు" అనవలసినవాడు మనిషే. ఆటగాడు తొందరపెడుతున్నాడు, డబ్బు ఇస్తానంటున్నాడు. అయినా ఆరని కర్రను ఇవ్వనని చెప్పగలవాడే గొప్ప పనివాడు. నగిషీని డబ్బుతో ఎవరైనా కొనవచ్చు. ఈ "వద్దు" అనడం ముప్ఫై ఏళ్ళ తర్వాత కర్ర తిన్నగా ఉన్నప్పుడే రుజువవుతుంది.

మనకు దీనితో ఏమి పని?

మిత్రులారా, అమెరికాలో ఒక ఆట కర్ర చేసినవాడి పేరు, పుట్టిన సంవత్సరం, కర్ర ఎక్కడ కొన్నాడు, ఎన్ని చేశాడు, తర్వాత పనిముట్లు ఎవరికి దక్కాయి - అన్నీ రాసిపెట్టారు. పేరు నిలిచింది గనుక విద్య కూడా నిలిచింది. మా ఊళ్ళో ట్రాక్టర్లు వచ్చాక కొయ్య నాగలి చేయించేవాళ్ళు లేరు. వడ్రంగి తాత కొడుకులు వేరే పనులు చూసుకున్నారు. తాతకు తుమ్మ చేవ ఎట్లా చూడాలో తెలుసు, ఏ దుంగను చెరువు నీళ్ళలో నాననివ్వాలో తెలుసు, బండి చక్రానికి ఆకులు ఎంత బిగువుగా కూర్చాలో తెలుసు. అదంతా ఏ నోటుబుక్కులోనూ లేదు. ఆయన పేరు ఏ నాగలిమీదా లేదు.

నాగలి తిరిగి రావాలని నేననడం లేదు. ట్రాక్టరు వల్ల మా నాన్న నడుము నొప్పి తగ్గింది, అది చాలా గొప్ప సంగతి. నేననేది వేరు. కలప ముడుత లెక్కలు మనం లేబరేటరీలో నేర్చుకుంటున్నాం. అదే శాస్త్రం తెలిసిన ముసలివాళ్ళు మన ఊళ్ళ అరుగులమీద కూర్చుని ఉన్నారు. వాళ్ళకూ మనకూ మధ్య ఒక నోటుబుక్కు, కొంచెం వినయం మాత్రమే కావాలి. ఈ వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్ళోని కమ్మరినో, కుమ్మరినో, వడ్రంగినో, పడవలు చేసేవాణ్ణో పలకరించండి. మంచి వస్తువు ఎట్లా చేస్తావని మొదట అడగవద్దు. ఏ కర్రను, ఏ మట్టిని, ఏ ఇనుమును పారేస్తావు, ఎందుకు పారేస్తావని అడగండి. వాళ్ళు చెప్పినది చెప్పినట్టు, వాళ్ళ పేరుతో సహా రాసుకోండి. వచ్చే ఏటి సంచికకు అట్లాంటి వ్యాసాలు నాలుగు వచ్చినా మన యూనియన్ సంచిక ధన్యమవుతుందని నా నమ్మకం.