బొమ్మల కథ నుండి వెండితెరకు

కామిక్ అంటే వరుస బొమ్మలతో నడిచే కథ. బాపుగారు సినిమా తీసేముందు షాట్లను ఇలాగే బొమ్మలుగా గీసుకునేవారు.

1984లో అమెరికాలో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ కొంత సొంత సొమ్ము, కొంత అప్పుతో ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ అనే పోరాటాల కామిక్ గీసి, సుమారు 3,000 ప్రతులు అచ్చువేశారు. 1990లో అది సినిమా అయింది. హక్కులు వదులుకోలేదు కనుక ఫలితం వారికీ దక్కింది.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారమూ, సొంతంగా గీసిన కథకు తొలి హక్కుదారు గీసినవారే. ఆ హక్కును మరొకరికి రాసివ్వాలంటే సంతకంతో కూడిన పత్రం తప్పనిసరి.

1977 దివిసీమ ఉప్పెనలో తోటివారిని కాపాడినవారి కథలు మన ఊళ్లలోనే ఉన్నాయి. అడిగి తెలుసుకుని గీయండి.

మన పెద్దలు చదువురాక వేలిముద్ర వేశారు. చదువుకున్న మనం చదవకుండా సంతకం చేయరాదు.