పాడేరు పసుపు ధర ఎక్కడ తెగుతుంది?

మచిలీపట్నం, గుడివాడ కిరాణా వర్తకులకు పసుపు అనగానే దివిసీమ లంకల సరుకు, దుగ్గిరాల యార్డు ధర మనసులో మెదులుతాయి. విశాఖ మన్యం సరుకును, అనగా 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన పాడేరు ప్రాంతపు పసుపును కూడా అదే లెక్కతో బేరమాడటం కద్దు. కొండ మీద కౌలు లేదు, ఎరువు లేదు, ఇక ఖర్చేమున్నదని కొనేవారి వాదన. అందులో సగమే నిజం.

దివిసీమ రైతు ఖర్చు చాలావరకు రొక్కం: కౌలు, కూలి, ఎరువు. గిరిజన రైతుకు రొక్కం ఖర్చు తక్కువే గాని కాలం ఖర్చు ఎక్కువ. నాటు రకం దుంపను అక్కడ చాలామంది రెండేళ్లు భూమిలోనే వుంచుతారు. వచ్చిన రాబడిని రెండేళ్లకు పంచి చూడాలి. ఒడిశాలోని పొట్టంగి కేంద్రం రూపొందించిన రోమా వంటి రకాలు ఎనిమిది, తొమ్మిది నెలలకే చేతికి వస్తాయి. అయితే విత్తనానికి రొక్కం కావాలి. సిఫారసు ప్రకారం ఎకరాకు సుమారు 10 క్వింటాళ్ల దుంప పడుతుంది. సొంత పంటలోంచి తీసిపెట్టుకున్నా ఆ మేరకు అమ్మకం తగ్గినట్టే గదా!

అసలు బేరం ఉడకబెట్టే దగ్గర వున్నది. 5 క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికి ఎండితే దాదాపు 1 క్వింటాలు దిగుతుంది. ఎండు సరుకు కిలో 100 రూపాయలని లెక్కకు అనుకుందాం. క్వింటాలుకు 10,000. అదే పచ్చిది కిలో 15కు అమ్మితే 7,500. తేడా 2,500లో కట్టెలు, బాన, పాలిష్, పది పదిహేను రోజుల కళ్లం కాపలా ఇమడాలి. ఇంటిల్లిపాదీ చేసుకునే పని కనుక రైతుకు ఇది గిట్టుతుంది. పచ్చి ధర 18కి పెరిగితే తేడా 1,000 మాత్రమే, ఉడకబెట్టటం దండగ. 12కు పడితే 4,000 నష్టమని తెలిసి కూడా పచ్చిదే అమ్మేవాడు సాధారణంగా ముందే బయానా పుచ్చుకున్నవాడు.

తేమ విషయంలో నష్టం వర్తకుడిది. 15 శాతం తేమ వున్న క్వింటాలు సరుకు 10 శాతానికి ఆరితే 94 కిలోల పైచిలుకే తూగుతుంది. అయిదున్నర కిలోలు గాలికి పోయినట్టే. పైగా బందరు ఉప్పుగాలికి గోదాములో ఆరటం కల్ల, బూజు పట్టటం ఖాయం.

తోటనే కౌలుకు పట్టి ఈ చిక్కు తప్పించుకుందామంటే వీలులేదు. 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు కౌలుకైనా చెల్లదు. కొనుగోలు సరుకు మీదనే సాగాలి. సంతల్లో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా కొనుగోలుదారే.

తేమకు తరుగు పట్టేవారు బాగా ఎండిన సరుకుకు పైధర కూడా కట్టవలసి వుంటుంది. అది లేనినాడు రైతు కళ్లం కాయడు, సంతకు పచ్చి సరుకే దిగుతుంది.