రెండు నిమిషాల వెలుగు

సూర్యోదయ సూర్యాస్తమయాలు ప్రతిదినం జరిగేవే. అయినా నిన్నటి ఆకాశం నేడు కనిపించదు. మేఘాలు మారతాయి, గాలిలోని తేమ మారుతుంది, సూర్యుడు పొడిచే చోటు కూడా కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటుంది. లారీ డ్రైవరు, సర్వేయరు, మత్స్యకారుడు తెల్లవారుజామునా మునిమాపునా ఆరుబయటనే ఉంటారు. యాత్రికులు వెతుక్కొంటూ వెళ్ళే దృశ్యం వారికి పనిలోనే ఎదురవుతుంది. చేతిఫోనులోనే కెమెరా ఉన్న ఈ రోజుల్లో దానిని చిత్రంగా నిలుపుకోవడం వారికీ సాధ్యమే.

ఉద్యోగమూ ఛాయాచిత్రకళా కలిసి సాగడం కొత్త కాదు. లాలా దీన్‌దయాళ్ ఇండోర్‌లో ప్రభుత్వ పనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ 1870 తర్వాత ఫొటోలు తీయడం ప్రారంభించారు. పిమ్మట హైదరాబాదు ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకులై 'రాజా' బిరుదు పొందారు. ఆ కాలంలో గాజుపలకలనూ బరువైన కెమెరానూ మోసుకొని తిరగవలసి వచ్చేది. నేడు బరువు తగ్గింది. వెలుగు మాత్రం నాడూ ఆగలేదు, నేడూ ఆగదు.

భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తన చుట్టూ తాను తిరుగుతుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. కనుక బింబం తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది. సముద్రపు అంచును తాకిన సూర్యుడు దక్షిణ భారతంలో రెండు నిమిషాలకు కొంచెం పైగా కనిపించి మునిగిపోతాడు. అప్పుడు కెమెరా కోసం సంచి వెతికితే ప్రయోజనం లేదు. ఎక్కడ నిలబడాలో, చిత్రంలో ఏమేమి ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి.

ఆ వేళ ఎరుపు ఎక్కడినుండి వస్తుంది? దిగంతాన ఉన్న సూర్యుని కాంతి, నడినెత్తిన ఉన్నప్పటికంటే సుమారు 38 రెట్ల గాలిని దాటి రావాలి. దారిలో నీలికాంతి ఎక్కువగా చెదిరిపోతుంది. ఎరుపు, నారింజ రంగులు మిగిలి కంటిని చేరతాయి. తర్వాత లార్డ్ రేలీగా పేరొందిన జాన్ స్ట్రట్ 1871లో ఈ విషయాన్ని వివరించారు. గాలి కాంతిని వంచుతుంది కూడా. అందువల్ల బింబం నీటి అంచును తాకినట్లు కనిపించే సమయానికి సూర్యుడు నిజానికి దాదాపు పూర్తిగా దిగంతం కిందికి దిగి ఉంటాడు!

ప్రయాణం చేసేవారు వేళనూ గమనించాలి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం యానాం, కాకినాడలకు సమీపంగా పోతుంది. ముంబయి అక్కడికి చాలా పడమరన ఉంది. యానాంలో సూర్యుడు ఉదయించిన అరగంటకు పైగా గడిచాకనే ముంబయిలో ఉదయిస్తాడు. రెండు ఊళ్ళలోనూ గడియారం ఒకటే, సూర్యుని రాక వేరు. కన్యాకుమారిలోనైతే చైత్ర పూర్ణిమనాడు ఒకవైపు సూర్యుడు అస్తమిస్తూ ఉండగా మరొకవైపు చంద్రుడు ఉదయించడం చూడవచ్చు.

చిత్రం తీసేటప్పుడు ఫోను తెర మీద ప్రకాశవంతమైన ఆకాశాన్ని తాకి, వెలుగును కొంత తగ్గించాలి. అప్పుడు రంగులు వెలవెలపోవు. ముందున్న పడవ, తాటిచెట్టు నల్లని ఆకృతులుగా నిలుస్తాయి. సముద్రపు గీత వాలిపోకుండా చూసుకోవాలి. సూర్యుడు మునిగిన వెంటనే తిరిగి వెళ్ళరాదు. పై మేఘాలకు ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది. మరి కొన్ని నిమిషాలు వేచి ఉన్నవారికి ఒక్కొక్కసారి అంతకుముందు లేని రంగులు దొరుకుతాయి.

అయితే చిత్రం కంటే కన్ను విలువైనది. కటకాల గుండా సూర్యుని నేరుగా చూస్తే కంటిలోని నేత్రపటలం కాలి, చూపు శాశ్వతంగా పోవచ్చు. చిత్రం కంటే ప్రాణం విలువైనది. వాహనం నడుపుతూ ఫోను ఎత్తరాదు; సురక్షితమైన చోట ఆపిన తర్వాతే తీయాలి. రైలుపట్టాల మీద, జారుడు బండల మీద నిలబడరాదు.

మరొక మర్యాద కూడా ఉంది. పూరీ తీరంలోని పెంటకోటలో తెలుగు మత్స్యకారులు ఎన్నో ఏళ్ళుగా నివసిస్తున్నారు. వెలుగు రాకముందే పడవను అలల్లోకి నెట్టే మనిషి చిత్రానికి అలంకారం కాడు. ఆ సూర్యోదయం అతనికి పనివేళ. అతన్ని అడిగి, ఒప్పుకొంటేనే ఫొటో తీయాలి. తీసినది అతనికి చూపితే చిత్రం ఇద్దరిదీ అవుతుంది.

తీసిన ప్రతి చిత్రం కింద ఊరు, తేదీ, వేళ రాసి ఉంచాలి. ఒకే చోటు నుండి ఏడాదిపాటు తీసిన చిత్రాలను వరుసగా పేరిస్తే సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరగడం స్పష్టంగా తెలుస్తుంది. పంచాంగంలో చదివిన ఉత్తరాయణ దక్షిణాయనాలు అప్పుడు కళ్ళెదుట నిలుస్తాయి. అందం కోసం తీసిన చిత్రం జ్ఞానానికీ సాక్ష్యమవుతుంది.

అభ్యాసం

1. సూర్యబింబం తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలే ఎందుకు పడుతుంది? లెక్క వేసి చూపండి.
2. "ఆ సూర్యోదయం అతనికి పనివేళ." ఈ వాక్యంలోని భావాన్ని మీ సొంత మాటల్లో రాయండి.
3. మీ ఊరిలో సూర్యుడు ఏ చెట్టు, మేడ లేదా కొండ వెనుక ఉదయిస్తున్నాడో నెలకొకసారి ఒకే చోట నిలబడి గమనించండి. తేదీ, వేళలతో బొమ్మ గీయండి.