చిన్నదాని తూకం ముందు రాయి

పాలక్కోడు,
శనివారం రాత్రి.

మేనకోడలికి,

నువ్వు పంపిన ఫొటో నిన్న రాత్రి చూశాను. నీ గినీ పిగ్ పొట్ట పక్కన మూడు పిల్లలూ ఒదిగి ఉన్నాయి. నల్లది, మచ్చలది, ఆ చివర చిన్నది. "మూడూ బొద్దుగా ఉన్నాయత్తా, గంతులేస్తున్నాయి, ఏ భయమూ లేదు" అని కింద రాశావు. ఆ మాట చదివాకే కాగితం, కలం తీశాను. బొద్దుగా ఉన్నాయని నీకు ఎట్లా తెలిసింది తల్లీ? కంటితో చూసి అన్నావు. ఈ గినీ పిగ్‌ల విషయంలో నేను కంటిని నమ్మి ఒకదాన్ని పోగొట్టుకున్నాను. నీకా కష్టం రాకూడదు.

నేను రిటైరయిన కొత్తలో ఎదురింటి పిల్లవాడు బెంగళూరు కాలేజీకి వెళ్తూ తన గినీ పిగ్‌ల జతను నాకు ఇచ్చిపోయాడు. వాటికి పుట్టిన వాటిలో ఒకటి బూడిద రంగుది. రోజూ అరచేతిలో పెట్టుకునేదాన్ని. ఒంటి నిండా బొచ్చు, నల్లపూసల్లాంటి కళ్ళు, గిన్నె చప్పుడైతే చాలు కీచుమని కూసేది. పదకొండో రోజు చేతికి తేలిగ్గా అనిపించింది. నా భ్రమేమో అనుకున్నాను. మర్నాడు వీపు మీద వేలితో రాస్తే బొచ్చు కింద వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా తగిలాయి. అప్పుడు పరుగెత్తి కాటా తెచ్చి పెడితే 70 గ్రాములు. పుట్టిన రోజు తూచనే లేదు కాబట్టి అది తగ్గిందో, పెరగకుండా ఆగిందో కూడా తెలియలేదు. ఆ సాయంత్రమే పోయింది. ముప్పై ఏళ్లు ఊళ్ళో పిల్లలందర్నీ తూచినదాన్ని, ఇంట్లో ఉన్న ప్రాణిని తూచలేదు. ఆ బాధ ఇంకా పోలేదు నాకు.

వాటి తప్పు కాదమ్మా అది. దక్షిణ అమెరికా కొండల్లో, గడ్డి మధ్య గద్దకూ నక్కకూ భయపడుతూ బతికిన జాతి. నీరసంగా కనబడిన దాన్నే ముందు పట్టుకుపోతాయి కదా, అందుకని జబ్బును దాచుకోవడం వాటి పుట్టుకలోనే ఉంది. మనిషి ఇంట్లో పంజరంలో ఉన్నా ఆ అలవాటు పోలేదు. చిక్కిపోతున్నా బొచ్చు కప్పేస్తుంది. మన కంటికి కనబడేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. తూకం మాత్రం ముందే చెబుతుంది.

నేను పనిచేసిన పిల్లల పోషణ సెంటర్లో మేం చేసిందీ ఇదే. దూలానికి కాటా వేలాడదీసి, గుడ్డ సంచిలో బిడ్డను కూర్చోబెట్టి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. చాలామంది తల్లులు తూచనిచ్చేవాళ్ళు కాదు, దిష్టి తగులుతుందని. "మీ బిడ్డను పక్కింటి బిడ్డతో పోల్చడానికి కాదమ్మా, పోయిన నెల మీ బిడ్డతోనే పోలుస్తాను" అని చెప్పాకే ఒప్పుకునేవాళ్ళు. ఎదుగుదల పటంలో నెలనెలా తూకానికి పెట్టిన చుక్కలన్నీ కలిపి గీత గీస్తే, గీత పైకి పోతోందా, అడ్డంగా పడుకుందా అన్నదే అసలు సంగతి. బక్కగా పుట్టిన బిడ్డ అయినా గీత పైకి పోతుంటే నాకు దిగులుండేది కాదు. బొద్దుగా ఉన్న బిడ్డ గీత రెండు నెలలు అడ్డంగా పడుకుంటే ఆ ఇంటికి పోయి కూర్చునేదాన్ని. మన తమిళనాడులో 1980లో మొదలైన సమగ్ర పోషణ పథకం మొత్తం ఆ గీత మీదే నడిచింది. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్ని నెలనెలా తూచి, ఎదుగుదల ఆగిన వాళ్ళకు 90 రోజులు తిండి పెట్టేవారు. నీ మూడు పిల్లలకూ ఆ గీతే కావాలి. కాకపోతే మనుషుల బిడ్డకు నెల ఎంతో, వీటికి రోజు అంత.

ఇంకో మాట గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేను. ఇక్కడ ముత్తడుప్పు ఊసి అంటారే, ఆ టీకా కోసం నేను ఎన్ని వందల మంది తల్లులను ఆసుపత్రికి పంపానో లెక్క లేదు. మూడు జబ్బులకు కలిపి వేసేది అది, అందులో ఒకటి కంఠసర్పికి. ఆ జబ్బు విరుగుడు మందు బలం ఎంతో కొలవడానికి 1897లో జర్మనీలో పాల్ ఎర్లిష్ అనే ఆయన ఒక ప్రమాణం కట్టాడు. 250 గ్రాముల గినీ పిగ్‌ను 4 రోజుల్లో చంపే విషం ఎంతో, అది ఒక మోతాదు. అంటే ఎన్నో గినీ పిగ్‌లను తూచి, వాటి ప్రాణం తీసి, మన పిల్లల గొంతులు కాపాడారు. వాటి రుణం మన మీద ఉంది. నీ ఇంట్లో వాటిని కాటా ఎక్కించేది బతికించడానికే కదా, శ్రద్ధగా చెయ్యి.

ఇప్పుడు పని చెబుతాను. ఒక్కొక్క గ్రామూ చూపించే వంటింటి డిజిటల్ కాటా కొను. కిరాణా కొట్టు కాటా వద్దు, అందులో ఐదు గ్రాములు, పది గ్రాములు కలిసిపోతాయి. నీ పిల్లకు రోజంతా పెరిగేదే నాలుగైదు గ్రాములు. అంచులు ఎత్తుగా ఉన్న స్టీలు గిన్నె తీసుకుని, అడుగున పాత నూలు గుడ్డ వెయ్యి. ఉత్త స్టీలు మీద గోళ్ళు టకటక జారి పిల్ల బెదిరిపోతుంది, అంకె నిలవదు. గుడ్డతో సహా గిన్నె పెట్టి కాటాను సున్నా చేసి, తర్వాత పిల్లను దించు. రెండు చేతులతో పట్టుకో, ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి వెనక భాగం కింద. నేల మీద కూర్చునే చెయ్యి ఈ పని. మూడుసార్లు చూసి మధ్య అంకె రాసుకో. నువ్వు ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదని ఎవరైనా అంటే నమ్మకు, గినీ పిగ్ తల్లి అట్లా చెయ్యదు.

రోజూ ఒకే వేళ. పొద్దున ఆకుకూర పెట్టకముందు మంచిది. కడుపు నిండా మేసినదానికీ, ఉచ్చ పోసి వచ్చినదానికీ తేడా ఉంటుంది. పెద్దవాటిలో అది 20, 30 గ్రాముల దాకా కూడా ఉంటుంది. వేళ మారితే అంకె అబద్ధమాడుతుంది. మొదటి మూడు వారాలు ప్రతిరోజూ తూచు. ఆ తర్వాత ఆరు నెలలు వచ్చేదాకా వారానికి రెండుసార్లు, అటు తర్వాత బతికినన్నాళ్ళూ వారానికి ఒకసారి. గళ్ళ నోటుబుక్కులో తేదీ, తూకం, నిన్నటికీ ఇవాళకీ తేడా, పక్కన రెండు మాటలు: పెంటికలు బాగున్నాయా, తింటోందా.

అంకెలు ఎట్లా ఉండాలంటావా. పుట్టినప్పుడు మామూలుగా 60 నుంచి 115 గ్రాముల మధ్య ఉంటాయి. మొదటి రెండు రోజులు రెండు మూడు గ్రాములు తగ్గవచ్చు, కంగారు పడకు. మూడో రోజు నుంచి ఎక్కాలి. రోజుకు మూడు గ్రాములకు తక్కువ కాకుండా, బాగా ఉన్నవి ఐదారు దాకా పెరుగుతాయి. మూడు వారాలకు పుట్టినప్పటి తూకానికి రెట్టింపు దాటితే నిశ్చింత. రెండు నెలలకు 400 గ్రాముల అటూ ఇటూ. నాలుగైదు నెలల తర్వాత జోరు తగ్గుతుంది, అది జబ్బు కాదు. ఏడాది దాటాక ఆడది 700 నుంచి 900, మగది 900 నుంచి 1200 గ్రాముల దగ్గర నిలబడుతుంది. మూడో రోజు దాటిన పిల్ల వరుసగా రెండు రోజులు పెరగకపోతే మాత్రం మూడో రోజు కోసం ఎదురుచూడకు.

చిన్నదాని సంగతి. ఫొటోలో చూస్తే అది మిగతా రెండింటి కంటే బాగా తక్కువ. గినీ పిగ్ తల్లికి చనుమొనలు రెండే తల్లీ. మూడు పిల్లలు ఉన్నచోట బలమున్న రెండూ పట్టుకుంటాయి, మూడోది తోపులాటలో వెనక్కి పడుతుంది. పైకి చూస్తే అదీ తల్లి కిందే దూరి ఉంటుంది, తాగుతోందని మనం అనుకుంటాం. నా బూడిద రంగుదానికి జరిగింది ఇదేనని నాకు తర్వాత తెలిసింది. అందుకని పూటకు ఒకసారి నల్లదాన్నీ మచ్చలదాన్నీ పక్క బుట్టలో ఎండు గడ్డి వేసి ఇరవై నిమిషాలు ఉంచి, చిన్నదాన్ని తల్లి దగ్గర ఒంటరిగా వదులు. తాగకముందు తూచు, తాగాక తూచు. ఒకటి రెండు గ్రాములు ఎక్కితే పాలు అందినట్టే. డ్రాపరుతో ఆవుపాలు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమిషాల్లో పోతుంది. ఇవి పళ్ళతో, తెరిచిన కళ్ళతో పుట్టే పిల్లలు, రెండో రోజు నుంచే గడ్డి కొరుకుతాయి. తల్లి తినే తిండి వాటికి అందేంత కిందుగా పెట్టు, అదే సగం బలం.

తిండి గురించి ఎక్కువ రాయను, ఒక్క సి విటమిన్ గురించి తప్ప. మనుషుల్లాగే వీటి ఒంట్లో అది తయారు కాదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు ఉత్త ధాన్యం పెట్టిన గినీ పిగ్‌లకు స్కర్వీ రావడం చూసే ఆ జబ్బు తిండి లోపమని రుజువు చేశారు. ఆ లోపం పిల్లల్లో మొట్టమొదట కనబడేది కాటా మీదే, గీత అడ్డంగా పడుకుంటుంది. కీళ్ళ నొప్పి, కుంటడం, చిగుళ్ళ నెత్తురు అన్నీ తర్వాత. ఎదిగే పిల్లకు కిలో బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాముల దాకా కావాలి. హైదరాబాదు పోషకాహార సంస్థ పాత పట్టికలో నూరు గ్రాముల జామపండులో 212 మిల్లీగ్రాములు ఉంది. తాజా కొత్తిమీర కూడా రోజూ పెట్టు. ఉళవర్ సందైలో, అదే రైతుల సంతలో, పొద్దున కోసుకొచ్చిన కట్ట కొను, వాడిపోయిన దానిలో సత్తువ ఉండదు. జామపండు తీపి, గోరంత ముక్క చాలు. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలపడం దండగ, కాసేపటికే చచ్చిపోతుంది. పాలక్కోడు టమాటాలు మీ ఇంటికి బుట్టలుగా వస్తాయి కదా, కాయ ముక్క పెట్టినా సరే, ఆకు, కాడ మాత్రం వాటి దరికి రానివ్వకు, విషం. రోజంతా ముందర గడ్డి ఉండాలి, గరికైనా, గినీ గడ్డైనా. పిల్లలకు ఆరు నెలల లోపు కుదిరైమసాల్, అంటే లూసర్న్ గడ్డి, కొంచెం కలపవచ్చు, సున్నం బలం వస్తుంది. తర్వాత మానెయ్యి, మూత్రంలో రాళ్ళు కడతాయి.

తండ్రి ఇంకా అదే పంజరంలో ఉందా? ఉంటే ఈ ఉత్తరం చదవగానే వేరు చెయ్యి. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్ళీ చూలు కట్టగలదు. తల్లిని కూడా వారం వారం తూచు. పిల్లలకు పాలిస్తూ బక్కపడాల్సినది మూడో వారం దాటాక బరువెక్కుతూ పోతే మళ్ళీ చూలేమో అని అర్థం చేసుకో. పిల్లల్లో మగవాటిని మూడు వారాలకే తల్లి దగ్గర నుంచి, అక్కాచెల్లెళ్ళ దగ్గర నుంచి విడదియ్యాలి. చిన్నవి కదా అని ఊరుకుంటే రెండు నెలల ఆడపిల్ల కడుపుతో ఉంటుంది.

ఇంకో నెలలో ఎండలు ముదురుతాయి. మన ధర్మపురి చిత్తిరై నెల నీకు తెలిసిందే. ముప్పై డిగ్రీలు దాటితే ఇవి మేత తగ్గిస్తాయి, తూకం పడిపోతుంది, అది జబ్బని మందులు పోయకు. రేకుల కింద ఉంచకు. వంటింటి గచ్చు మీదికి మార్చి, మట్టి కుండ అడ్డంగా పడుకోబెట్టి, పక్కన తడి గోనెపట్టా వేలాడదియ్యి.

పెద్ద గినీ పిగ్ పదో వంతు బరువు తగ్గినా, ఏ వయసుదైనా ఒక పూట మొత్తం తినకపోయినా, పెంటికలు ఆగినా, అదే రోజు డాక్టరు దగ్గరికి. నామక్కల్ పశువైద్య కళాశాల మీకు సేలం మీదుగా దారే. నోటుబుక్కు తీసుకుపో, డాక్టరుకు నీ మాటల కంటే ఆ అంకెలే ఎక్కువ చెబుతాయి. మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్, పెన్సిలిన్ లాంటివి నోట్లో ఎప్పుడూ పోయకు. మనకు మేలు చేసే ఆ మందులే వీటి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం తీస్తాయి.

మీ నాన్నతో చెప్పి రేపు పొద్దున్నే కాటా తెప్పించు. మూడు తూకాలూ నాకు ఫోన్లో పంపు, చిన్నదాని అంకె ముందు రాయి. ఎల్లుండి పొద్దున మళ్ళీ పంపు. మూడు వారాలు రోజూ ఆరున్నరకు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
నీ అత్త